వాచ్‌మేన్ కత్తి

మా పక్కింటి డ్రిల్లు మాస్టారు పోయిన వారం నిద్రలోనే కన్నుమూశారు. ఆ కబురు నాకు మొదట చెప్పింది ఆయన భార్యే. తెల్లవారగానే నేను వాకిలి ఊడుస్తుంటే, ఆవిడ వాళ్ళ వరండా గ్రిల్లు పట్టుకుని నిలబడి, "ఏవండీ, ఈ వాచ్‌మేన్ ఎంత పిలిచినా లేవట్లేదండీ. తలుపెవరు తీస్తారు?" అన్నారు. మరుపు జబ్బు వచ్చి, ఆవిడ కొన్నాళ్ళుగా కట్టుకున్న మొగుణ్ణే వాచ్‌మేన్ అనుకుంటున్నారు. మాస్టారు ముందుచూపుతో నా దగ్గర ఉంచిన రెండో తాళంచెవితో గ్రిల్లు తీసి లోపలికి వెళ్ళాను. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. మెడలో పాత ఈల తాడు ఉంది. దానికి ఈల బదులు గ్రిల్లు తాళంచెవి వేలాడుతోంది.

ఆ ఈలకు పరుగులు తీసినవాళ్ళు అమలాపురంలో ఏ వీధిలో అడిగినా దొరుకుతారు. రిటైరైన తర్వాత కూడా పొద్దున్నే సైకిలెక్కి పి.గన్నవరం అక్విడెక్టు దాకా వెళ్ళి, గోదావరిని చూసుకుని వచ్చే మనిషి. కాలు ఒకచోట నిలిచేది కాదు. ఆయన భార్య ఎలిమెంటరీ స్కూల్లో పనిచేశారు కాబట్టి వీధిలో అందరికీ టీచరుగారే. పిల్లలు లేరు. ఒకరోజు ఆయన సైకిలు మీద వెళ్ళిన సమయంలో టీచరుగారు సంచి భుజాన వేసుకుని, పుట్టింటికని ముక్తేశ్వరం బస్సెక్కేశారు. ఆవిడ దొరికేసరికి సాయంత్రమైంది. ఆ వారంలోనే వరండాకు గ్రిల్లు, గ్రిల్లుకు తాళం వచ్చాయి. సైకిలు మూలకు చేరింది.

అప్పటినుంచి మాస్టారు కూడా లోపలే. సాయానికి మనిషిని పెట్టుకుంటే టీచరుగారి కేకలకు ఎవరూ నిలిచేవారు కాదు. ఆదివారం చర్చికి వెళ్ళడం కూడా మానేశారు. పాస్టరుగారే వచ్చి ప్రార్థన చేసి వెళ్ళేవారు. పొద్దుటి నడక ప్రహరీ గోడ వెంటే, గ్రిల్లు మీద ఒక కన్నేసి. తిరిగి తిరిగి అక్కడ గడ్డి మొలవని దారి పడింది. గోడకి ఇటువైపు నుంచి ఆ అడుగుల చప్పుడు వింటుంటే నాకు ఊపిరాడేది కాదు. ఊరుకోలేక ఒకసారి, ఆవిణ్ణి ఏదైనా హోములో చేర్చమన్నాను, మీరు జైల్లో పడ్డట్టుంది మాస్టారూ అని.

"ఆవిణ్ణొక్కదాన్నీ జైల్లో పెట్టి నేను బయట తిరగాలాండీ?" అన్నారు.

కత్తి వచ్చింది ఆ రోజుల్లోనే. మధ్యాహ్నంపూట ఆయన ఫోన్లో పాత సామాన్లు అమ్మే పేజీలు చూస్తూ కూర్చునేవారు. పక్కనున్న టీచరుగారు ఒక బొమ్మ మీద వేలు పెట్టి, మా నాన్న కత్తి అన్నారట. అది బర్మా కత్తి. ఆవిడ తండ్రి కుర్రతనంలో రంగూన్ బియ్యం మిల్లులో పనిచేసి, యుద్ధం రోజుల్లో కట్టుబట్టలతో నడిచి వచ్చిన మనిషి. అక్కడ గోడకు వదిలేసి వచ్చిన కత్తి గురించి బతికినన్నాళ్ళూ చెప్పుకునేవారట. మాస్టారు వెంటనే కొనేశారు. మరీ కారుచవగ్గా వస్తోందంటే, నాటకాల వాళ్ళ రేకు కత్తి అంటగడతారు చూడండి అని నేను ఆటపట్టించాను.

రేకు కాదు, నిజమైన పాత కత్తే. పొడుగాటి పిడి, బెత్తపు కట్లు చుట్టిన చెక్క ఒర. కాకపోతే లోపల తుప్పు పట్టి ఒరలో బిగుసుకుపోయింది. ఇద్దరం చెరోవైపు పట్టి లాగినా కదల్లేదు. కట్లు కోసేసి ఒర విప్పెయ్యమన్నాను, నాకసలే ఓపిక తక్కువ. ఆయన ఒప్పుకోలేదు.

"ఆవిడ జ్ఞాపకంలో నాన్నొక్కడే మిగిలేడండీ. ఆ మాట కూడా పోయేలోపు దీన్ని నిండుగా తీసి చూపించాలి. ముక్కలు చూపిస్తే ఏం గుర్తుపడతారు?"

ఇక అదే పని. ఒర మూతి దగ్గర కొబ్బరినూనెలో కాస్త కిరసనాయిలు కలిపి చుక్కలుగా వదిలేవారు. ఎండ పడే మూలన నిలబెట్టేవారు. చెక్కముక్కతో ఒర పొడుగునా తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. ఏం వినబడేదో ఆయనకే తెలియాలి. మధ్యమధ్యలో టీచరుగారు సంచి తగిలించుకుని వచ్చి, "వాచ్‌మేన్ బాబూ, తలుపు తియ్యి. మా నాన్న ఎదురుచూస్తాడు" అనేవారు. మాస్టారు లేచి నిలబడి, "ఆయ్, తాళం ఆఫీసులో ఉందండి, తెప్పిస్తానండి" అనేవారు. మీరెవరో ఆవిడకి చెప్పుకుందామని ఒక్కసారైనా అనిపించదా అని అడిగితే, చెప్తే పాపం భయపడతారండీ అన్నారు.

వానలు వెలిసిన తర్వాత ఒక మధ్యాహ్నం గోడ మీదుగా నన్ను కేకేశారు. వెళ్ళేసరికి కత్తి బయటికి వచ్చి ఉంది. చేతినిండా ఎర్రటి తుప్పు బురద. గుడ్డతో తుడిచి, రెండు చేతులా పట్టుకుని టీచరుగారి ముందుకు తెచ్చారు.

"ఇదెవరిదండీ?"

ఆవిడ చాలాసేపు చూశారు. "ఈ వాచ్‌మేన్‌ది" అన్నారు.

మాస్టారు నవ్వడం మొదలుపెట్టారు. "చూసేరా మేడంగారూ, నాకూ ఒకటి ఉందని ఒప్పుకున్నారు" అంటూ భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాత టీచరుగారి నోట నాన్న మాట నేను వినలేదు. ఆలస్యమైపోయిందండీ అని మాస్టారు ఒకసారి అన్నారు, అంతే.

అయినా పని ఆపలేదు. గరుకు కాగితం పెడితే పాత పనితనం పోతుందని, కొబ్బరిపీచు నూనెలో ముంచి రుద్దేవారు. వదులైన పిడిని లక్క కరిగించి నిలబెట్టారు. పదును మాత్రం పెట్టలేదు, పైగా పిడినీ ఒరనూ కలిపి గుడ్డపేలికతో కట్టేవారు. ఇప్పుడు రెండు వేళ్ళతో లాగితే వచ్చేస్తుందండీ అని గ్రిల్లు లోపలినుంచి గర్వంగా చెప్పేవారు.

ఒక మార్పు మాత్రం వచ్చింది. కత్తి ఉన్న వాచ్‌మేన్ అంటే టీచరుగారికి ధైర్యం కలిగినట్టుంది. పొద్దుపోయే వేళకు వచ్చి, "కత్తి ఉందా?" అని అడిగేవారు. "ఆయ్, ఉందండి" అనేవారు ఆయన. అప్పుడు సంచి దింపి వెళ్ళి పడుకునేవారు. ఆ కాసేపూ ఆ ఇంట్లో గాలి ఆడేది. ఇన్నేళ్ళ పక్కింటితనంలో నేను ఆయన్నుంచి నేర్చుకున్నదేమైనా ఉంటే, ఆ "ఆయ్"లో ఉన్న మర్యాదే.

మాస్టార్ని సాగనంపి సమాధుల దొడ్డి నుంచి తిరిగి వచ్చేసరికి గ్రిల్లు బార్లా తెరిచి ఉంది. రాజోలు నుంచి వచ్చిన టీచరుగారి చెల్లెలు లోపల అందరికీ కాఫీలు కలుపుతున్నారు. మనుషులు వస్తున్నారు, వెళ్తున్నారు. టీచరుగారు గుమ్మం పక్కనే మాస్టారి కుర్చీలో కూర్చున్నారు. భుజాన సంచి, ఒడిలో కత్తి. దగ్గరికి వెళ్ళి, తలుపు తెరిచే ఉందండీ, కాస్త అలా బయటికి వెళ్ళొద్దామా అన్నాను.

"వాచ్‌మేన్ రావాలి కదండీ, తలుపు తియ్యడానికి" అన్నారు. "కత్తి ఇక్కడే వదిలేసి వెళ్ళేడు. వస్తాడు."

నేను గడప మీద ఆవిడ పక్కనే కూర్చున్నాను. ఎదురుగా గోడ వెంట ఆయన నడిచిన దారి ఎండలో తెల్లగా కనిపిస్తోంది. ఆవిడ అటే చూస్తూ, ఒర మీది బెత్తపు కట్లను వేలితో నిమురుతూ కూర్చున్నారు.