తాత చల్లిన ఎర్ర జొన్నలు

రేషన్‌లో వచ్చిన ఎర్ర జొన్నలను ఎవరైనా తిడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అరవైల్లో వానలు వరసగా ఎగ్గొట్టినప్పుడు గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరస మొత్తం వాటితోనే బతికింది. అవి ఎక్కడో అమెరికాలో పండి, ఓడెక్కి, రైలెక్కి రామగుండం స్టేషన్‌లో దిగేవి. రొట్టె చేస్తే అంచులు పగిలేవి. నాయిన బొగ్గుబాయిలోకి పట్టుకెళ్లిన రొట్టె తినే వేళకు అట్టముక్క అయ్యేది. అమ్మ పిండి కలుపుతున్నంతసేపూ ఆ జొన్నలను తిట్టేది. ఆమెకు ఆ హక్కుంది, వాటితోనే మా అందరి కడుపులు నింపింది కాబట్టి. అది మరిచిపోతే కళ్లు పోతాయి.

అమ్మ పుట్టిల్లు రామగుండం అవతల చిన్న ఊరు. ఆమె తండ్రి, మా తాత, ఏటా పంట రాగానే తెల్ల జొన్నల బస్తాలతో ఎడ్లబండి కట్టుకుని వచ్చేవాడు. బండి మా క్వార్టర్ ముందు ఆగిందంటే ఆడవాళ్లంతా చేటలు పట్టుకుని చేరేవారు. తాత మానికతో కొలిచేవాడు. రైతులందరిలాగే ఒకటి అనడు, ‘లాభం’ అని మొదలుపెట్టి రెండు, మూడు అంటాడు. చివర్లో ప్రతి చేటలో ఒక పిడికెడు ఊరికే పోసేవాడు. ఆ రెండు ఎడ్లంటే ఆయనకు ప్రాణం. మనకంటే వాటి మీదే ప్రేమ ఎక్కువని అమ్మ ఉడుక్కునేది. నిజమే కూడా.

కరువు తీరిన ఏడు బండి నిండుగా వచ్చింది. ఆడవాళ్లూ వచ్చారు, మంచిచెడ్డలు అడిగారు. చేటలు మాత్రం తేలేదు.

“ఏమనుకోకు కాకా, రేషన్ల గింత అగ్గువకు దొరుకుతుంటే పిరం పెట్టి ఎట్ల కొంటం?” అంది పక్కింటామె.

నాకు మండుకొచ్చింది. తాతకు రాలేదు. ఆమె వెళ్లాక నా తల నిమిరాడు.

“ఆమె తప్పేముంది బిడ్డా? మనం ఆకలితోని ఉన్ననాడు ఆ దేశపోళ్లు పంపిండ్రు, వాళ్లకు దండం. మనకు పండిననాడు పంపుడు జర ఆపద్దా? ఆపుమని చెప్పేటోడు ఎవడు?”

పొద్దుగూకేదాకా కూర్చుంటే కొన్నది అమ్మ ఒక్కతే. తాత ‘లాభం’ అని ఒక మానిక కొలిచాడు. రెండో మానిక కొలిచే పని పడలేదు.

వెళ్లేముందు మా డబ్బాలోంచి రెండు మానికల ఎర్ర జొన్నలు అడిగి మూట కట్టుకున్నాడు. “గింజ మంచిగ బలిసింది. జనం తినేది గిదే అయితే గిదే ఏస్త,” అన్నాడు. ఇక తెల్ల విత్తనంతో పనేముందని, దాచుకున్నవి కూడా మిగతా బస్తాలతో కలిపి షావుకారుకు ఇచ్చేశాడు.

మొలకలు బాగానే వచ్చాయి. నడుమెత్తు కాగానే కంకి వేశాయి. తాత ఇంకా పెరుగుతాయని ఎదురుచూశాడు. పెరగలేదు. మా దగ్గర జొన్న మనిషిని మించి పెరుగుతుంది. గింజ మనుషులకు, చొప్ప ఎడ్లకు. ఏడాదంతా ఎడ్లు తినేది ఆ చొప్పే.

“గిది పండించేటోళ్లకు ఎడ్లు లేవా బిడ్డా?” అని, సెలవులకు వెళ్లిన నన్ను గట్టు మీద నిలబడి అడిగాడు. వాళ్లు ట్రాక్టర్లతో దున్నుతారని బడిలో విన్నది చెప్పాను.

“మరి గా ముచ్చట బస్తా మీద రాయాలె గద,” అన్నాడు. నేను పకపకా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఎండాకాలం సగానికే చొప్ప అయిపోయింది. కొందామంటే దొరకలేదు. ఎడ్లు చిక్కిపోతుంటే చూడలేక తాత వాటిని అంగడికి తోలుకుపోయి అమ్మేశాడు. ఆ తర్వాత మా ఇంటికి బండి లేకుండా, నడిచి వచ్చాడు.

అమ్మ లోపలికి వెళ్లి ఒక కుండ తెచ్చి ఆయన ముందు పెట్టింది. అందులో బూడిద కలిపి, వేపాకు వేసి దాచిన తెల్ల జొన్నలు. ఆ రోజు కొన్న మానికే.

“వండుకోలేదా బిడ్డా?”

“నువ్వు కొలిచి పోసినవి బాపూ. నాకు మనసొప్పలే.”

తాత ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఎవరినో అడిగి తెచ్చుకున్న ఎడ్లతో ఆ విత్తనం వేశాడు. ఆ ఏడు జొన్న మళ్లీ మనిషిని మించి లేచింది. కోతలప్పుడు నేను వెళ్లేసరికి, ఎప్పటిలాగే ఎడ్ల కొట్టం పక్కన చొప్ప కట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి వామి వేస్తున్నాడు. కొట్టం ఖాళీగా ఉంది.

“ఎవలకు తాతా?” అన్నాను.

“ఎడ్లు లేవని నాకెరుకనే బిడ్డా. చేతులకు తెలుస్తలేదు.”

నేను పొద్దుగూకేదాకా ఆయనకు కట్టలు అందిస్తూ ఉన్నాను.