తలుపు పక్క కుర్చీ

ఆసుపత్రిలో, చచ్చిపోవాలనిపించి వచ్చేవాళ్లతో మాట్లాడే కౌన్సెలరమ్మ తలుపు పక్క కుర్చీ ఎప్పుడూ వాళ్లకే ఇస్తుంది. "ఎవరైనా మీదికొస్తే నీకు పారిపోయే దారుండదు, ఎప్పుడో నీ ప్రాణం మీదికొస్తుందే!" అని తోటి డాక్టరమ్మ మొత్తుకున్నా, బయటికి దారి కనబడకపోతే మనిషికి ఊపిరాడదంటుంది. అడగాల్సింది కూడా నాన్చదు. ఆ రోజు ఒకతను మంచినీళ్ల గ్లాసు బల్లకేసి బద్దలుకొట్టి, గాజుపెంకు పిడికిట్లో బిగించాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతోంది. "చావాలనుందా, చంపాలనుందా?" అందామె. "మా అన్నని చంపేస్తా." "ఎక్కడున్నాడు?" "బయటే. నన్ను తీసుకొచ్చింది వాడే."

అతను తలుపు వైపు తిరిగేలోగా ఒక్క ఉదుటున లేచి తలుపుకి వీపు ఆనించింది. గాజుపెంకు ఆమె ముంజేతిని చీల్చింది. అయినా కదల్లేదు. "మీ అన్న ఏం చేశాడో ముందు నాకు చెప్పు నాయనా" అంది. అతను నేలమీద కూలబడి బావురుమన్నాడు. మర్నాడు ఆమె చేతికి కట్టుతో పనిలోకి వచ్చింది. బల్లమీదికి స్టీలు గ్లాసు వచ్చింది. కుర్చీ మాత్రం తలుపు పక్కనే ఉంది.