నేను దిద్దిన హాజరు

శ్రీరాంపూర్ బొగ్గు గనుల దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తొమ్మిదేళ్లు లెక్కలు చెప్పాను. గనిలో పర్మినెంటు ఉద్యోగాలున్న వాళ్ల పిల్లలు పొద్దున్నే బస్సులెక్కి ప్రైవేటు బడులకు పోయేవాళ్లు. మా బడికి వచ్చేవాళ్లు కాంట్రాక్టు కూలీల పిల్లలు, ఇటుక బట్టీల పిల్లలు, పత్తి ఏరడానికి పోయిన తల్లులు ఇంటి దగ్గర వదిలేసిన పిల్లలు. ఏటా వాళ్ల వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించే పని నాదే. కులం, తండ్రి చేసే పని, మాతృభాష. మాతృభాష దగ్గర ఎవరినీ అడగకుండా అందరికీ తెలుగు అనే నింపేసేదాన్ని. అడిగితే పని సాగదు.

అలా నేను తెలుగు అని నింపిన పిల్లల్లో ఒకమ్మాయి ఇంట్లో మరాఠీ మాట్లాడేది. వాళ్ల నాన్న నేల పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టు పనికి మహారాష్ట్ర నుంచి వచ్చాడు. ఎనిమిదో తరగతిలో చేరిన మొదటి రోజు ఆ పిల్ల నన్ను "బాయీ" అని పిలిచింది. వాళ్ల దగ్గర పంతులమ్మను అలాగే పిలుస్తారట. మా వైపు బాయి అంటే బొగ్గు గని. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ తర్వాత చాలా రోజులు ఆమె నన్ను ఏమనీ పిలవలేదు.

లెక్కల్లో మాత్రం చురుకు. నేను బోర్డు మీద సమస్య రాయడం పూర్తికాకముందే నోట్‌బుక్‌లో జవాబు ఉండేది. తెలుగు పాఠం చదవమంటే ఒక్కో అక్షరం కూడబలుక్కునేది. సాంఘిక శాస్త్రం జవాబుల్లో సగం మాటలు మరాఠీవే.

ఆమె పదో తరగతికి వచ్చిన ఏడాది, పరీక్ష రాసేవాళ్ల జాబితా పంపే ముందు హెడ్మాస్టరు గారు నన్ను పిలిచారు. అంతకు ముందటేడు మా బడిలో ఇద్దరు తప్పారు. జిల్లా మీటింగులో ఆయనను నిలబెట్టి అడిగారట. ఆ మాట ఆయన మర్చిపోలేదు.

"ఈ పిల్ల గట్టెక్కుతదా మేడం?" అని ఆమె పేరు మీద వేలు పెట్టారు.

"లెక్కల్ల మంచిగ వస్తయి సార్. తెలుగులనే కష్టం."

"ఒక్కదాంట్ల పోయినా ఫెయిలే గద. వంద శాతం మనకు రాకుంటపోతది. హాజరు తక్కువైందని చెప్పుండ్రి. వచ్చే యేడు రాస్తది, పోయిందేముంది?"

ఆమె రోజూ బడికి వస్తుందని నాకు తెలుసు. వర్షానికి రోడ్డంతా బొగ్గు బురదైన రోజుల్లో కూడా చెప్పులు చేత పట్టుకుని వచ్చేది. ఆ మాట ఆయనకు చెప్పొచ్చు. చెప్పలేదు. ఆయనకు భయపడి ఊరుకున్నానని చాలా కాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజం కాదు. వంద శాతం నాకూ కావాలనిపించింది.

ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఎవరూ లేనప్పుడు హాజరు పట్టీ తెరిచి, ఆమె పేరు ఎదురుగా చాలా రోజులు గైర్హాజరుగా దిద్దాను.

మర్నాడు వాళ్ల నాన్నను పిలిపించాము. మొదటి షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. కనుబొమల్లో ఇంకా బొగ్గు పొడి ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. నేను పట్టీ ముందుపెట్టి హాజరు సరిపోలేదని చెప్పాను. తలుపు దగ్గర నిలబడ్డ కూతురు, "నేను రోజూ వచ్చిన బాపూ" అంది.

ఆయన ఒకసారి నా వైపు చూసి కూతురి వైపు తిరిగాడు.

"మరి మేడం అబద్ధం చెప్తదా?"

నేను తల దించుకుని పట్టీలో ఏదో వెతుకుతున్నట్టు కాగితాలు తిప్పాను. ఆ పిల్ల మరుసటి రోజు నుంచి బడికి రాలేదు.

ఆ ఏడు మా బడికి వంద శాతం వచ్చింది. నాకు శాలువా కప్పారు, ఫోటో తీశారు. ఆ శాలువాను బీరువాలో బట్టల అడుగున పెట్టాను.

రెండేళ్ల తర్వాత ఆమె టీసీ కోసం వచ్చింది. మనిషి ఎత్తు పెరిగింది. మంచిర్యాలలో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తున్నానని, ఓపెన్ స్కూల్లో పది కట్టాలనుకుంటున్నానని చెప్పింది. గొంతులో కోపం లేదు. అదే నన్ను నిలవనీయలేదు. వరండాలోకి తీసుకుపోయి చెప్పేశాను.

"నీ హాజరు తక్కువ లేకుండె. నేనే దిద్దిన."

ఆమె కిటికీ ఊచలు పట్టుకుంది.

"నాకు తెలుసు మేడం. నేనొచ్చిన్నో రాలేదో నాకు తెల్వదా? మా బాపుకే తెల్వదు. నేను బడి ఎగ్గొట్టి తిరిగిన అనుకుంటుండు ఇప్పటికి. జర ఆయనకు చెప్పుండ్రి."

ఓపెన్ స్కూలు పరీక్షకు చదువు చెప్తానన్నాను. "తెలుగు మా దుకాణంల అక్క చెప్తుంది. లెక్కలు నాకు వస్తయి" అంది. టీసీ తీసుకుని వెళ్లిపోయింది.

ఆదివారం వాళ్లింటికి పోయాను. రేకుల గది ముందు ఆయన సైకిలు గొలుసు వేసుకుంటున్నాడు. లేచి నిలబడి స్టూలు తెచ్చి వేశాడు. నేను కూర్చోకుండానే మొత్తం చెప్పాను. హెడ్మాస్టరు గారి పేరు ఎత్తలేదు. దిద్దింది నా చెయ్యి.

ఆయన చేతులకంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకున్నాడు.

"ఆ రోజు ఇంటికి తెచ్చి కొట్టిన మేడం. అంతకు ముందు ఎన్నడు చెయ్యి లేపలే దాని మీద."

నేను ఏదో అనబోయాను. ఆయన వినిపించుకోలేదు. లోపలికి తిరిగి కూతురిని పిలిచాడు. ఇద్దరూ మరాఠీలో మాట్లాడుకున్నారు. నాకు అర్థం కాలేదు. ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేద్దామని ఎత్తి, ఇంకా గ్రీజు ఉందని గుర్తొచ్చి దించేశాడు. అక్కడ నేను ఉండకూడదనిపించింది. చెప్పకుండానే వచ్చేశాను.

ఆ ఏడు నా క్లాసు జాబితాలో ఎవరి పేరూ తీయనివ్వలేదు. ముగ్గురు తప్పారు. మీటింగులో ఈసారి నన్ను నిలబెట్టారు. ఇది చెబితే నా పాపమేదో కడుక్కున్నట్టు ఉంటుందని, చాలా మందికి చెప్పను. రెండేళ్లు ఒక తండ్రి తన కూతురిని అబద్ధాలకోరు అనుకున్నాడు. ఆ రెండేళ్లు నేను జీతం తీసుకుంటూ, పండుగలు చేసుకుంటూ మామూలుగానే బతికాను.

తర్వాత ఒకరోజు కూరగాయల అంగట్లో ఆయన ఎదురుపడ్డాడు. "పాసైంది మేడం. తెలుగు రెండోసారి రాసింది" అని చెప్పి, నేను జవాబిచ్చే లోపే ముందుకు నడిచిపోయాడు.