అల్మారా నెత్తిన బీడింగు

పదవీ విరమణ తర్వాత దంతెవాడలో ఇల్లు కొనుక్కున్నాం. పడకగదిలో గోడలోనే కట్టిన అల్మారాకూ పైకప్పుకూ మధ్య మూరెడు ఖాళీ ఉండేది. దాన్ని చెక్క పలకతో మూసి, పై అంచున బీడింగు, అంటే నగిషీ చెక్క పట్టీ, కొట్టిస్తే గదికి హోదా వస్తుందని నాకు తోచింది.

మా ఆవిడ ఒప్పుకోలేదు. నేను పనిచేసిన గనుల టౌన్‌షిప్‌లో ఎప్పుడు ఏ క్వార్టరుకు మారమంటారో తెలియక, సగం సామాను తాళ్లు విప్పకుండా అల్మారాల మీదే ఉంచి కాపురం చేసినవాళ్లం. ఇప్పుడు మమ్మల్ని కదిలించే ఆఫీసు లేకపోయినా, మా పెట్టెలు ప్రయాణానికి సిద్ధంగా పైనే ఉన్నాయి. వాటి పక్కన ఖాళీ ఆవకాయ జాడీలు.

"ఇక ఎక్కడికీ పోము. దించేద్దాం" అన్నాను.

"దించి ఎక్కడ పెట్టమంటారు? మీ డైరీల అరలోనా?"

డైరీలు మూడు అరలు ఆక్రమించాయి. ఆ చర్చ ముదరకుండా మాట మార్చాను.

వారం పాటు కొలతలు తీసి, మూడు రంగుల్లో బొమ్మ గీశాను. ఆవిడ సంతకు వెళ్లిన రోజు చూసి సరిహద్దు ఊరు కుంట వైపు నుంచి వచ్చిన తెలుగు వడ్రంగిని పిలిచాను.

"పైన సామాన్లున్నయి గద సార్?"

"ఉండనీ" అన్నాను. దించితే ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న మళ్లీ లేస్తుంది.

పలక బిగిసింది. బీడింగు గోడ నుంచి గోడకు వెంట్రుక దూరని అతుకుతో కూర్చుంది. దూరంగా నిలబడి చూసుకుంటుంటే ఆవిడ వచ్చింది. సంచిలో సంతలోనే కొట్టించుకొచ్చిన మామిడి ముక్కలు.

"జాడీలేవండీ?"

నేను పైకి చూశాను. ఆవిడా చూసింది.

"ముక్కలు రేపటికి మెత్తబడతాయి. ఏడాదంతా బీడింగు నంజుకుంటారా?"

"పగలగొట్టుమంటే పగలగొడ్త అమ్మా. ఏంది సార్, పొద్దంతా చేపిచ్చి..." అన్నాడు వడ్రంగి.

నేను అల్మారాకు అడ్డంగా వెళ్లి నిలబడ్డాను. ఆవిడ నా మొహం చూసి కాస్త మెత్తబడింది.

"పగలగొట్టకు నాయనా. కింద మడతబందులు వేసి తలుపులా చెయ్యి."

ఆ పూటే ఆవకాయ కలిసింది. చూసినవాళ్లంతా బీడింగును మెచ్చుకుంటారు. ఆవిడకు పైనుంచి ఏదైనా కావాల్సి వచ్చినప్పుడు, ముందుకు వాలే ఆ హోదా విరిగిపోకుండా స్టూలెక్కి రెండు చేతులతో పట్టుకుని నిలబడటం నా పని. మొదట్లో ఏడాదికోసారి అనుకున్నాను. ఇప్పుడు కందిపప్పు డబ్బా కూడా అక్కడికే చేరింది.