రాట్నానికి వేసిన చామంతి దండ

నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఊరందరి మోటార్లూ బాగుచేసే మనిషిని, మొన్న ఆయుధ పూజ రోజు మా నాయన తిరునాళ్లను నా చేతులతో నేనే పాడుచేసుకున్నా!

తిరునాళ్లంటే నిజంది కాదు. పులికాట్‌లో చేపలు పట్టే మా నాయన, మోకాళ్లు పోయి పడవ మానేశాక బల్ల మీద చేసిన బొమ్మ తిరునాళ్ల. వల తేలడానికి కట్టే బెండ్లతో గుర్రాలు, ఐస్‌క్రీం పుల్లలతో గాజుల అంగళ్లు, మధ్యలో రంగులరాట్నం. కింద పాత కారు వైపర్ మోటారు, ఒక బ్యాటరీ. స్విచ్ వేస్తే గుర్రాలు తిరుగుతాయి. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన చేసినవాటిలో ఇంకా కదిలేది అదొక్కటే. అమ్మ రోజూ సాయంత్రం దాని ముందే కూర్చుంటుంది.

పండగ కదా, పడవ ఇంజనుకి, బైకుకి, నా స్క్రూడ్రైవర్లకి బొట్లు పెట్టాం. రాట్నం కూడా మిషనే కదా అని దానికీ పెట్టినా. అక్కడితో ఆగొచ్చు కదా! బైకుకి వేసినట్టే దానికీ చామంతి దండ చుట్టినా.

"దండ ఎందుకురా, అడ్డం పడదా?" అనింది అమ్మ.

"నాకు తెలీదా అమ్మా? మోటార్లతోనే కదా నా బతుకు!" అని స్టైలుగా స్విచ్ వేసినా.

దండ దారం ఇరుసుకు చుట్టుకుంది. గాజుల అంగడిని లాగేసింది. గుర్రాలు ఊడిపడ్డాయి, ఒకటైతే ఎగిరిపోయి పూజకు కొట్టిన కొబ్బరి చిప్పలో పడింది! "ఆపరా, ఆపరా!" అని అమ్మ అరుపు. కంగారులో స్విచ్ ఆపకుండా వైర్లు పీకేసినా.

అమ్మ తిట్టలేదు. గుర్రాలను ఏరుకుని కొంగుతో తుడుస్తా కూర్చుంది. తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చేసింది.

మధ్యాహ్నమంతా దారం కోసి, గుర్రాలు అతికించి, వైర్లు కలిపి, దేవుడా అనుకుంటూ స్విచ్ వేసినా. తిరిగింది! కానీ గుర్రాలన్నీ తోక ముందు పెట్టుకుని పరిగెత్తుతున్నాయి. ప్లస్, మైనస్ మార్చి కలిపేసినా!

"ఉండమ్మా, మారుస్తా" అని చెయ్యి పెట్టబోతే అమ్మ పట్టుకుంది.

"ఉండనీరా. వెనక్కే పోనీ. అట్లా పోయి పోయి మీ నాయన ఉన్నప్పటికి చేరుతుందేమో."

చెయ్యి తీసేసినా. అది ఇప్పటికీ వెనక్కే తిరుగుతోంది. ఇంటికొచ్చినోళ్లు చూసి "నువ్వేం మెకానిక్కువయ్యా?" అంటారు. "నిజమే, నాకు పని రాదు" అంటున్నా.