తిండి ఎవరికి మిగులుతుంది

పొద్దున్న ఆరూ ఇరవైకి బందరు ప్యాసింజరు గుడివాడలో కదిలింది. ఎదుటి సీట్లో ఒక కాలేజీ అమ్మాయి ఫోనులో ఫోటో పెద్దది చేసుకుని చూస్తోంది. తెల్లటి పొర, మధ్యలో నల్లటి గుండ్రటి ఖాళీ, దాని నడుమ చిన్న తెల్లటి చుక్క.

"ఏంటమ్మా అది, గ్రహణమా?" అన్నాను.

నవ్వింది. "బ్యాక్టీరియా అండీ, మా ల్యాబ్‌లో పెంచాం. ఈ నడిమి చుక్క విషం వదిలింది. చుట్టూ ఉన్నవి చచ్చాయి."

"శత్రువులా?"

"దగ్గర చుట్టాలండీ. ఒకేచోట ఒకే తిండి తినేవాటినే చంపుతుంది."

మా ఇంట్లో ఆ గొడవ జరిగి అప్పటికి నెల కాలేదు. మా తమ్ముడు తెగులు పట్టిన తన రొయ్యల చెరువు నీళ్ళు ఉమ్మడి కాలవలోకి వదిలాడు. అదే కాలవ నీళ్ళతో చెరువు నడిపే అన్నయ్య కత్తి పట్టుకుని తూముకి అడ్డం నిలబడ్డాడు. ఇద్దరూ కొట్టుకున్నారు. తమ్ముడి పలుగు దెబ్బకి తల పగిలి అన్నయ్య గట్టుమీదే పోయాడు. కడుపులో దిగిన అన్నయ్య కత్తికి తమ్ముడు మర్నాడు ఆసుపత్రిలో పోయాడు.

"చంపింది బతుకుతుందా?" అని అడిగాను.

"లేదండీ. విషం బయటికి రావాలంటే అదీ పగిలిపోవాలి."

"మరి లాభం ఎవరికి?"

"ఆ చుక్కలోనే మిగిలిన దాని తోబుట్టువులకి. ఆ విషం వాటినేం చెయ్యదు. తిండి వాటికే మిగులుతుంది." బిస్కెట్ల ప్యాకెట్ నా వైపు చాపింది. "తీసుకోండి బాబాయ్ గారూ."

ఒకటి తీసుకున్నాను. చిలకలపూడిలో ఆమె దిగేదాకా అది నా చేతిలోనే ఉంది.

దివిసీమలో ఆ రెండు చెరువుల మోటారు షెడ్ల తాళాలూ ఊరి పెద్దలు నాకే ఇచ్చారు. ఆ చెరువుల్లో నేనిప్పుడు రొయ్యపిల్లల్ని వదలడం లేదు.