మా వంటింట్లో కుక్క పురుడు

మా కింది వాటాలో ఉండే కుర్రాడు పోయిన వారం నన్ను పిలిచి ఒక పెట్టె చూపించాడు. అతని దగ్గర దూడంత ఆడకుక్క ఉంది, నేడో రేపో ఈనేలా ఉంది. పెట్టె కొరియర్‌లో వచ్చిందట. అడుగున కరెంటుతో వేడెక్కే పరుపు, పక్కన వేడి చూసే మీటరు. "ఎట్లున్నది ఆంటీ?" అని అడిగాడు. నేను పెట్టె సంగతి ఏమీ అనకుండా వెళ్లి, మూసి ఉన్న కిటికీ రెక్కలు రెండూ తెరిచాను. చలిగాలి వస్తుందని అతను మొహం ముడుచుకున్నాడు. ముడుచుకోనీ. కుక్కకు పురిటి పెట్టె కట్టడం గురించి అతనికి నేర్పగలిగినంత నాకు తెలుసు. అది నేను ఇష్టపడి నేర్చుకున్న విద్య కాదు.

డెబ్బైల మొదట్లో నేను గోదావరిఖనికి కోడలిగా వచ్చాను. ముందర ఒక గది, వెనక వంటిల్లు, ఆ వెనక రేకుల పంచ, ఇంతే మా క్వార్టర్. ఇంట్లో నా భర్త, మా మామ. మా అత్త నా పెళ్లికి ముందే పోయింది. మా అమ్మ కూడా లేదు కాబట్టి తొలి కాన్పుకు నన్ను తీసుకుపోయే పుట్టిల్లు లేదు. దవాఖానలో కని, పసిబిడ్డతో ఈ ఇంటికే రావాలి. చలికాలం. ముందర గదిలో తలుపు సందుల్లోంచి గాలి ఈలలు వేసేది. వెచ్చగా ఉండేది వంటిల్లొక్కటే. బాలింతగా నేను పడుకోవలసింది అక్కడే అని మొదటినుంచీ అనుకున్న మాట.

మా మామ బొగ్గుబాయిలో సర్దార్. అంటే షిఫ్టు మొదలయ్యే ముందు చేతిదీపం పట్టుకుని అందరికంటే ముందు లోపలికి పోయి, పైకప్పు గట్టిగా ఉందా, గాలి మంచిదేనా, గ్యాస్ ఉందా అని చూసి వచ్చే మనిషి. ఆయన సరే అంటేనే మిగతావాళ్లు పనిలోకి దిగాలి. ఆ అధికారాన్ని ఆయన బాయిలోనే విడిచిపెట్టి రాలేదు, ఇంటికి కూడా మోసుకొచ్చేవాడు. కూర రుచి చూసే ముందు దాని మీదికి వంగి, అదేదో కూలబోయే కప్పులాగా అనుమానంగా చూసేవాడు. నాతో నేరుగా మాట్లాడిన రోజులు తక్కువ.

బదిలీ మీద పోతూ ఒక ఆఫీసరు తన ఆల్సేషన్ కుక్కను మా మామకు ఇచ్చిపోయాడు. అప్పటికే అది కడుపుతో ఉంది. దానికి ఏదో ఇంగ్లీషు పేరుంది కానీ మా మామకు నోరు తిరగక "బిడ్డా" అని పిలిచేవాడు. నన్ను మాత్రం "ఓ పిల్లా" అనేవాడు. నా మీద ఇంకా కోపమొస్తే కుక్కతోనే చెప్పేవాడు. "చూసినవా బిడ్డా, మీ వదిన మొకం ఎట్ల పెట్టిందో." ఆ జంతువు కూడా నావైపు తిరిగి అట్లాగే చూసేది. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది.

డిసెంబరు పడగానే నా గిన్నెలు పంచలోకి వచ్చాయి. వంటిల్లు కుక్కకు. నా పెళ్లికి ఒక్క రోజు సెలవు పెట్టిన మనిషి దాని కోసం వారం సెలవు పెట్టి పలకలు కోశాడు. చేసిన పని మంచిదే, అదే నాకు ఇంకా కోపం. పెట్టెకు ముందు వైపు పలక తక్కువ ఎత్తు, తల్లి దాటగలదు, పిల్లలు దాటలేవు. లోపల చుట్టూ గోడకు జానెడు ఎడంగా ఒక కర్ర బిగించాడు. బాయిలో పట్టాల మీద బొగ్గు టబ్బులు వచ్చేటప్పుడు మనుషులు తప్పుకోవడానికి గోడలో గూళ్లు తొలుస్తారు. అంత పెద్ద కుక్క గోడకు ఆనుకుని పడుకుంటే పిల్ల నలిగిపోకుండా కర్ర వెనక సందులోకి జారుతుందని ఆ లెక్కే ఇక్కడ వేశాడు. అడుగున ఇసుక, దాని మీద గడ్డి, గడ్డి మీద గోనె సంచులు. అన్నిటికంటే పైన మెత్తటి నూలు చీర ముక్కలు. ఆ చీరలు మా అమ్మవి. నా బిడ్డకు పొత్తిగుడ్డలకని ఉతికి మడిచి దాచుకున్నవి. నేను బజారుకు పోయి వచ్చేసరికి చింపి పరిచాడు.

నాకు ఏడుపు వచ్చింది. "నా బిడ్డను దేంట్ల పండుకోబెట్టాలె మామా? నేనెక్కడ పండుకోవాలె?" అని అడిగాను. ఆయన సుత్తి కింద పెట్టకుండా, "నీకింక నెల ఉన్నది. ముందుగాల దీనిది గానీ. ప్రభువు పశువుల పాకల పుట్టిండు, నీకేం కొదువ?" అన్నాడు. మేము చర్చికి పోయే కుటుంబం. ఆ మాటకు జవాబు ఉండదని తెలిసే అన్నాడు.

ఇక వేడి. బొగ్గుకు మాకు కరువేముంది? ఇనుప బకెట్‌తో చేసిన పొయ్యిని వాకిట్లో రాజేసి, పొగంతా పోయి కణకణ ఎర్రబడ్డాక లోపలికి తెచ్చేవాళ్లం. క్వార్టర్లన్నిటా అదే పద్ధతి. పొగ లేని బొగ్గు పాపం ఎరగదని అందరి నమ్మకం. బాలింత మంచం కింద కూడా ఆ నిప్పే పెట్టేవాళ్లు. అయితే మా మామ ఇంకొక అడుగు ముందుకు వేశాడు. బాయిలో గాలిని దారి మళ్లించడానికి కట్టే గోనె పర్దా ముక్క ఒకటి, పనికిరాదని పడేసింది, ఇంటికి తెచ్చి కిటికీకీ తలుపుకూ సందు లేకుండా బిగించాడు. తన పనితనం చూసుకుని మురిసిపోయాడు.

కుక్క ఈనింది. తెల్లారేసరికి రెండు పిల్లలు చచ్చి ఉన్నాయి. పుట్టినప్పుడు కుయ్యికుయ్యిమన్నవే. మా మామ వాటిని గుడ్డలో చుట్టి బయటికి తెచ్చి, నా ముందు నిలబడ్డాడు.

"నీ ఏడుపే తగిలింది," అన్నాడు. కడుపుతో ఉన్నదాన్ని ఆ మాట అన్నాడు.

ఆ పొద్దున్నే కుక్క పర్దా తోసుకుని బయటికి వచ్చింది. నోట్లో ఒక పిల్ల. తిన్నగా ముందర గదిలోకి పోయి, తలుపు సందుల గాలికి నేను వణుకుతూ పడుకునే నా పరుపు మీద పెట్టింది. మళ్లీ పోయి ఇంకొకటి తెచ్చింది. నా వంటిల్లు తీసుకుంది, చీరలు తీసుకుంది, ఇప్పుడు పరుపు కూడా. నేను కేకలేశాను. మా మామ పిల్లల్ని ఎత్తి లోపల పెట్టాడు. అది మళ్లీ తెచ్చింది. ఆయన పెట్టాడు, అది తెచ్చింది. చివరికి దాన్ని పెట్టె పక్కన గొలుసుతో కట్టేసి, పొయ్యిలో ఇంకాసిన్ని బొగ్గులు వేసి, పాల కోసం బయటికి పోయాడు.

కాసేపు గొలుసు గుంజుకుంటూ మొత్తుకుంది. తర్వాత ఊరుకుంది. పీడ పోయిందనుకున్నాను. పంచలో పప్పు ఉడుకుతుంటే చింతపండు కావలసి లోపలికి పోయాను. చింతపండు డబ్బా ఇంకా ఆ వంటింటి అలమరలోనే ఉంది. కుక్క తల నేల మీద వేలాడేసి ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడటం లేదు. డబ్బా కోసం చెయ్యెత్తానో లేదో నా తలలో సమ్మెటలు పడ్డాయి, మోకాళ్లు వంగిపోయాయి. అప్పుడు నాకు వెలిగింది. ఎక్కడా పొగ లేదు. అయినా ఈ గది చంపుతోంది. పర్దా పట్టుకుని నా బరువంతా వేసి లాగాను. మేకులతో సహా ఊడి వచ్చింది. గొలుసు విప్పాను. పిల్లల్ని కొంగులో వేసుకుని వాకిట్లోకి వచ్చి కూలబడ్డాను. కుక్క తూలుకుంటూ నా వెనకే వచ్చి పడింది.

మా మామ వచ్చి చలిలో ఉన్న పిల్లల్ని చూసి చెంబు విసిరేశాడు. "చంపుతవానే వాటిని?"

"చంపేది మీరు," అన్నాను. ఆయనకు ఎదురు మాట్లాడటం అదే మొదలు. "దీపం పట్టుకొని బాయంత తిరుగుతరు గదా, గాలి మంచిగున్నదా అని. గీ అర్రల చూసిండ్రా? పోండ్రి. పోయి కూసోండ్రి లోపల, తలుపు నేనేస్త."

"పొగ లేదు గదనే," అన్నాడు. లోపలి పొయ్యి వైపు చూశాడు.

రాత్రి షిఫ్టు దిగి అప్పుడే గుమ్మంలోకి వచ్చిన నా భర్త ఊడిన పర్దానూ, పొయ్యినీ, నా మొహాన్నీ చూశాడు. తండ్రి వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు. "నాయినా, నెల తిరిగితె ఈమెను, పసిపిల్లను గిట్లనే గా అర్రల పండుకోబెడుదామంటివి గద. పర్దా గూడ విప్పద్దంటివి."

మా మామ తప్పయిందని ఆ రోజు అనలేదు, చచ్చేదాకా అనలేదు. మర్నాడు గునపం తీసుకుని వంటింటి గోడకు పైన ఒక రంధ్రం, కింద ఒక రంధ్రం పొడిచాడు. నెల తర్వాత నా కూతురితో ఆ గదిలోకే వచ్చాను. నిప్పు పెట్టనివ్వలేదు. రెండు రంధ్రాల్లోంచి వచ్చే చలికి పళ్లు కొట్టుకుంటుంటే బిడ్డను పొట్టకు అదుముకుని పడుకున్నాను. ఆయన తలుపు దాకా వచ్చి పసిదాన్ని చూసి పోయేవాడు, నేను అటు తిరిగి పడుకునేదాన్ని. మిగిలిన కుక్కపిల్లలు బతికి ఎవరెవరి ఇళ్లకో పోయాయి. తల్లి మా పంచలోనే ముసలిదై చచ్చిపోయింది. నేను దానికి ఏ రోజూ అన్నం తక్కువ చెయ్యలేదు, ఏ రోజూ తల నిమరలేదు.

నా కూతురికి ఇప్పుడు జుట్టు నెరిసింది. రంగు వేసుకోమంటే వినదు. పాపిట్లో ఆ తెల్లదనం కనబడినప్పుడల్లా, ఆ పర్దా అట్లాగే ఉండి ఉంటే ఇది ఇన్నేళ్లు బతికేది కాదని మా మామ మీద కోపం మొన్న పుట్టినంత కొత్తగా లేస్తుంది. ఆ వెనకే ఆ రెండు కుక్కపిల్లలు గుర్తొస్తాయి. ఒక్క రాత్రి కూడా నిండా బతకలేదు అవి. అవి బతకని కాలమంతా నా కూతురు బతుకుతోంది.